మచ్చ చెట్టుదా, గాలిదా

వీధి వెంబడి నీడకోసమో, పార్కులో అందంకోసమో పెంచిన చెట్టు మాను మీద బూడిదరంగు పెచ్చు, పసుప్పచ్చ పొలుసు, నారింజరంగు చుక్క కనబడితే చూసినవాడి నోట వచ్చే మొదటి మాట తెగులు. గీకెయ్యాలంటాడు ఒకడు, సున్నం కొట్టాలంటాడు ఇంకొకడు. తోటమాలి ఊరికే అనడు, అతని చేతిలో సాక్ష్యం ఉంది: నిండుగా ఆకు పట్టిన కొమ్మ మీద కనిపించని పెచ్చులు వాడిపోతున్న కొమ్మ మీద దట్టంగా ఉంటాయి. కంటికి కనిపించినదాన్ని బట్టి చూస్తే పెచ్చు పట్టింది, కొమ్మ పోయింది. ఈ అనుమానం ఐరోపా తోటల పుస్తకాల్లో కనీసం మూడున్నర శతాబ్దాలుగా ఉంది. అది వదలడానికి పట్టిన కాలమూ తక్కువేం కాదు. ఇంతకీ దాన్ని వదిలించిందేమిటి? పెచ్చు లోపల ఏముందో సూక్ష్మదర్శిని చూపించాక వదిలిందని పాఠ్యపుస్తకాలు చెప్పే కథ. నాకు అలా అనిపించదు. ఒక్కో మచ్చకూ విడివిడిగా పేరు పెట్టి, ఏది ఎక్కడ ఉందో ఎక్కడ లేదో జాబితా రాసుకునే ఓపిక వచ్చాకే వదిలింది. ఆ జాబితాల్లో అన్నిటికన్నా పేరుపొందినదాన్ని రాసినవాడు, పెచ్చు లోపలి నిర్మాణం విషయంలో పూర్తిగా పొరబడ్డవాడు కావడం ఇందులోని తమాషా.

ముందు తోటమాలి సాక్ష్యం సంగతి తేల్చాలి. బెరడు మీది పెచ్చుల్లో ఎక్కువ భాగం లైకెన్లు. వాటికి వేళ్లుండవు. సన్నటి దారాల వంటి వాటితో బెరడు పైపొరను, అంటే అప్పటికే చచ్చిన పొరను, పట్టుకుని ఉంటాయి. చెట్టు రసం తాగవు. లోపలున్న ఆకుపచ్చ శైవలం ఎండతో తిండి తయారుచేస్తుంది, నీళ్లూ లవణాలూ వానలోంచి, మంచులోంచి, గాలిలోంచి వస్తాయి. కొమ్మకు ఆకు రాలిపోతే దాని మీద ఎండ పడుతుంది. చెట్టు ఎదుగుదల మందగిస్తే బెరడు త్వరగా పెచ్చులూడదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరిగే లైకెన్‌కు కావలసింది ఈ రెండే. అందుకే చావబోయే కొమ్మ మీద అది కమ్ముకుంటుంది. ముందు కొమ్మ నీరసించింది, తర్వాత పెచ్చు వచ్చింది. తోటమాలి చూసింది నిజమే, ఏది ముందు ఏది వెనక అన్నదగ్గర లెక్క తిరగబడింది. మన పెరళ్లలోనూ దీనికి రుజువుంది. జామ చెట్టు ఎప్పటికప్పుడు బెరడు ఒలుచుకుని నున్నగా నిలబడుతుంది, పక్కనే గరుకు బెరడున్న మామిడి మాను మీద మచ్చలు స్థిరపడతాయి. ఆ తేడా ఆరోగ్యానికి సంబంధించినది కాదు.

ఇంగ్లండులో జాన్ ఎవెలిన్ అనే పెద్దమనిషి 1661లో లండన్ పొగ మీద ‘ఫ్యుమిఫ్యూజియం’ అనే చిన్న పుస్తకం అచ్చువేశాడు. సముద్రం మీద వచ్చే బొగ్గును కాల్చడంవల్ల ఊరంతా మసి పడుతోందని, పూలు, తేనెటీగలు బతకడం లేదని అందులో వాపోయాడు. ఒక చక్కని ఆధారం కూడా చూపాడు. అంతర్యుద్ధంలో బొగ్గు వచ్చే న్యూకాజిల్ రేవు ముట్టడిలో పడి సరఫరా ఆగిపోయిన ఏడాది, లండన్ నడిబొడ్డు తోటల్లో పళ్లు విరగకాశాయట. ఇవాళ్టి శాస్త్రవేత్త కూడా ఇంతకన్నా మంచి ప్రయోగం కోరుకోడు: పొగ ఆగింది, చెట్టు మారింది. మూడేళ్లు తిరగకుండా 1664లో అదే ఎవెలిన్ చెట్ల పెంపకం మీద ‘సిల్వా’ రాశాడు. అందులో చెట్ల రోగాల లెక్కలో పాచిని చేర్చి, బెరడుకు గాయం కాకుండా చెక్క పనిముట్టుతో గీకెయ్యమని సలహా ఇచ్చాడు. గాలి చెట్టును మారుస్తుందని చెప్పినవాడూ అతనే, బెరడు మీది పెరుగుదల చెట్టు రోగమని చెప్పినవాడూ అతనే. ఈ రెండు పుస్తకాల మధ్య అతను గీత గీయలేదు. గీయగలిగే స్థితిలో కూడా లేడని నా అభిప్రాయం. అతని దృష్టిలో మాను మీద పెరిగేదంతా ఒకటే పాచి. ఒకటే అయినప్పుడు ఉందా లేదా అని మాత్రమే అడగగలం, ఏది పోయింది ఏది మిగిలింది అని అడగలేం. లండన్ మానుల మీద ఏ మచ్చలు మాయమయ్యాయో చెప్పాలంటే ఆ మచ్చలకు ముందు పేర్లుండాలి.

పేర్లు రావడానికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో డిల్లేనియస్ 1741లో నాచుల చరిత్ర రాసినప్పుడు లైకెన్లను నాచుల గుంపులోనే ఉంచాడు. లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ పేర్లు పెడుతూ లైకెన్లన్నిటినీ ఒకే ప్రజాతి కింద కుక్కేశాడు. వాటి మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు, వృక్షజాతిలో కటిక పేదరైతుల లాంటివని తీసిపారేశాడు. ఆయన చివరి శిష్యుల్లో ఒకడైన ఎరిక్ అకారియస్ స్వీడన్‌లోని వాడ్‌స్టేనాలో వైద్యం చేసుకుంటూ ఆ పేదరైతుల ఇంటిపేర్లు విడదీశాడు. 1803లో ఒకటి, 1810లో మరొకటిగా వచ్చిన ఆయన గ్రంథాలతో ఒక్క ప్రజాతి పదుల ప్రజాతులైంది. బెరడు మీద అంటుకుపోయిన పొర, ఆకులా అంచు లేచిన పొలుసు, గడ్డంలా వేలాడే పోగు, వాటి మీద లేచే గిన్నెల ఆకారం, అంచు, రంగు అన్నీ గుర్తులయ్యాయి. తోటల్లో మాత్రం గీకుడు ఆగలేదు. పుస్తకంలో పేరు రావడానికీ, చెట్టు కింద నిలబడ్డవాడు దాన్ని వాడుకోవడానికీ మధ్య దూరం ఎప్పుడూ ఉండేదే.

ఆ దూరాన్ని దాటిన జాబితా ప్యారిస్‌లో పుట్టింది. విల్హెల్మ్ నీలాండర్ ఫిన్లండ్ మనిషి. 1857లో హెల్సింకి విశ్వవిద్యాలయానికి వృక్షశాస్త్రంలో మొదటి ఆచార్యుడయ్యాడు, 1863లో ఆ ఉద్యోగం వదిలి ప్యారిస్‌లో స్థిరపడ్డాడు. లగ్జంబర్గ్ ఉద్యానవనంలో వరసగా నాటిన చెట్ల మానుల మీద లైకెన్లను ఒక్కొక్కటిగా చూసి 1866లో ఫ్రెంచి వృక్షశాస్త్ర సంఘం పత్రికలో రాశాడు. సుమారు ముప్పై రకాలు లెక్కకొచ్చాయి. నగరంలో మిగతాచోట్ల చెట్లకు ఈ సంపద లేదు. ఉన్న చెట్లూ చెట్లే, లేని చెట్లూ చెట్లే. నీలాండర్ తేడాను గాలికి ఆపాదించి, లైకెన్లు గాలి ఆరోగ్యాన్ని కొలిచే సాధనాలని రాశాడు. అంతకు ఏడేళ్ల ముందు 1859లో లియో గ్రిండన్ మాంచెస్టర్ మొక్కల పుస్తకంలో ఫ్యాక్టరీ పొగల వల్ల ఆ చుట్టుపక్కల లైకెన్లు తగ్గిపోతున్నాయని గమనించి ఉన్నాడు. అదీ జాబితాల పుస్తకమే కావడం యాదృచ్ఛికమనుకోను. నీలాండర్ రాసిన రోజుల్లోనే ప్యారిస్ పాలనాధికారి బారన్ ఓస్‌మన్ కొత్త వీధులకోసం అదే ఉద్యానం దక్షిణపు కొసను కోసేస్తుంటే ప్యారిస్ జనం సంతకాలు సేకరిస్తున్నారు. తోట ఎంత మిగలాలన్నదే అందరి గొడవ. ఆ చెట్ల మీది గాలి గురించి రాసినవాడు నీలాండరే.

మచ్చను మచ్చ నుంచి విడదీయడానికి నీలాండర్ వాడిన పద్ధతి కూడా చూడదగ్గది. రూపం చాలనిచోట రసాయనాలు ప్రయోగించాడు: అయోడిన్, పొటాష్ ద్రావణం, బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ ద్రావణం. బెరడు మీద పసుపు నారింజ కలిసిన రంగులో గుండ్రంగా పరుచుకునే గ్జాంథోరియా పెరైటినా అనే లైకెన్ ఉంది. అంచులు కాస్త లేచి, మధ్యలో చిన్న చిన్న ప్రమిదల్లా గిన్నెలు గుంపుగా ఉంటాయి. నీడలో పెరిగితే పసుపు తగ్గి ఆకుపచ్చ బూడిదరంగులోకి దిగి, పక్కనున్న వేరే జాతితో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. దాని మీద ఒక్క పొటాష్ చుక్క వేస్తే పసుపున్నచోటల్లా క్షణంలో ముదురు ఎరుపు, ఊదా కలిసిన రంగు విచ్చుకుంటుంది. అందులోని పెరైటిన్ అనే వర్ణకం క్షారానికి ఇచ్చే జవాబది. పసుపు మీద సున్నం పడితే పారాణి ఎర్రబడటం చూసినవాళ్లకు ఈ రంగు మార్పు వింతగా తోచదు. నూటయాభై ఏళ్లు దాటినా లైకెన్ శాస్త్రవేత్త సంచీలో ఇప్పటికీ ఈ చుక్కల సీసాలుంటాయి. కంటి నిపుణత ఒక్కటే ఆధారమైనన్నాళ్లూ జాబితా రాసినవాడి మాట నమ్మాల్సిందే. చుక్క వేశాక రెండో మనిషి వచ్చి సరిచూడవచ్చు. ఒకరి జాబితాను ముప్పై ఏళ్ల తర్వాత ఇంకొకరు పోల్చగలగడానికి ఈ సరిచూపే ఆధారం.

నీలాండర్ ఓడిపోయిన పోరు దీని వెనకే మొదలైంది. లైకెన్ ఒక మొక్క కాదని, శిలీంధ్రం శైవలాన్ని పట్టి ఉంచుకున్న జంట కాపురమని 1867లో స్విట్జర్లండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ప్రకటించాడు. తర్వాత రాతల్లో శిలీంధ్రాన్ని యజమానిగా, శైవలాలను బానిసలుగా వర్ణించాడు. నీలాండర్‌కు ఇది ఒళ్లుమంట. ఇంగ్లండులో జేమ్స్ క్రాంబీ ఎగతాళి చేశాడు. చివరికి ష్వెండెనర్ మాటే నిలిచింది, నీలాండర్ 1899లో ప్యారిస్‌లో పోయేదాకా ఒప్పుకోలేదు. ఈ తగాదాకు ఒక కొస మన దేశంలోనూ ఉంది. 1870ల చివర కలకత్తాలో డి. డి. కన్నింగ్‌హామ్ ఆకుల మీద మచ్చలు పుట్టించే ఒక పరాన్న శైవలాన్ని వర్ణించి, శిలీంధ్రం దాన్ని చేరితే కొన్ని లైకెన్లు తయారవుతాయని చూపాడు. అంటే చెట్టుకు హాని చేసే మచ్చ, దానిలోంచే పుట్టే లైకెన్, ఒకే ఆకు మీద పక్కపక్కన ఉండగలవు. సిద్ధాంతం పరంగా ష్వెండెనర్ వైపుకు ఇది బలం. అయితే గాలి సంగతి ఆ సిద్ధాంతం చెప్పలేదు. లైకెన్ ఒకటా, రెండా అన్న తగువు ఎటు తేలినా లగ్జంబర్గ్ జాబితాలో ఒక్క వరుస మారదు. 1896లో నీలాండర్ ప్యారిస్ పరిసరాల లైకెన్ల మీద మళ్లీ రాసినప్పుడు ఆ తోటలో తను చూసినవి మాయమయ్యాయని నమోదు చేశాడు. తప్పు సిద్ధాంతం నమ్మినవాడి సరైన జాబితా ముప్పై ఏళ్ల బొగ్గుపొగను పట్టి ఇచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నగరంలో లైకెన్లు లేకపోవడానికి పొగే కారణమని జాబితా ఎలా రుజువు చేస్తుంది? నగరం పల్లె కంటే వేడి, నేల రాళ్లతో కప్పబడి తేమ నిలవదు, చెట్లు చిన్నవి, కొత్తవి. 1926లో స్టాక్‌హోమ్ గురించి స్వీడన్ శాస్త్రవేత్త సెర్నాండర్ నగరం మధ్యభాగాన్ని లైకెన్ల ఎడారి అన్నప్పుడు ఆ మాటలోనే ఈ సందేహానికి చోటుంది. పోలండ్‌లో యాన్ రిడ్జాక్ 1950లలో ఇదే వాదించాడు, అతనిది తేలిగ్గా కొట్టేసే వాదన కాదు. ఒక్క నగరాన్ని చూసినంతకాలం పొగనూ ఎండుదనాన్నీ విడదీయడం నిజంగానే కష్టం. విడదీసిన సాక్ష్యాలు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి మార్పిడి ప్రయోగం: అమెరికాలో ఇర్విన్ బ్రోడో 1961లో లైకెన్ ఉన్న బెరడు ముక్కను గుండ్రంగా కోసి వేరేచోటి చెట్టుకు తొలిచిన గుంటలో అమర్చే పద్ధతి ప్రచురించాడు. చోటు మారినా బెరడు మారలేదు కాబట్టి చెట్టు వయసు, బెరడు గుణం అన్న సాకులు పోయాయి. రెండోది కెనడాలోని సడ్‌బరీ. అక్కడ నికెల్ కరిగించే కొలిమిల గంధకపు పొగ మహానగరం లేనిచోట నేల మీద పరుచుకుంది. ఫాబియస్ లెబ్లాంక్, డి. ఎన్. రావు అక్కడికి లైకెన్లను తరలించి చూస్తే కొలిమికి దగ్గరైన కొద్దీ అవి పాలిపోయి చచ్చాయి. నగరపు వేడి లేనిచోట కూడా చచ్చాయంటే ఎండుదనం ఒక్కటే దోషి కాదు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ ఇంగ్లండు, వేల్స్ చెట్ల మానుల మీద ఏ జాతులున్నాయో చూసి గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను అంచెలుగా అంచనా వేసే కొలబద్ద ‘నేచర్’ పత్రికలో ఇచ్చారు. ఆ కొలబద్దలో అంకెలు యంత్రానివి, గుర్తులు నీలాండర్ తరహావి: ఫలానా జాతి మాను అడుగున మాత్రమే ఉందా, పైకి పాకిందా.

ఇంకో అభ్యంతరం తోటవాళ్ల వైపు నుంచి వస్తుంది, అది కడుపు మండిన అభ్యంతరం. బెరడు మీద వచ్చే ప్రతిదాన్నీ అమాయకమని వదిలేస్తే చెట్టు దక్కుతుందా? దక్కదు. 1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో హెర్మన్ మెర్కెల్ చెస్ట్‌నట్ చెట్ల కొమ్మలు ఎండిపోవడం చూశాడు. బెరడు పగుళ్లలో ఆవగింజకన్నా చిన్న నారింజరంగు బొడిపెలు, తేమగా ఉన్న రోజున వాటిలోంచి సన్నటి పసుపు పోగులు పిండినట్టు బయటికొచ్చేవి. పక్కనే ఉన్న వృక్షోద్యానంలో విలియం మర్రిల్ 1906లో దానికి కొత్త శిలీంధ్రంగా పేరు పెట్టాడు. కొమ్మలు నరికారు, మందులు కొట్టారు, 1911లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఏకంగా కమిషన్ వేసింది. ఏదీ ఆపలేదు. యాభై ఏళ్లలో సుమారు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. పేరు పెడితే ఏం ఒరిగిందని అడగవచ్చు. చెట్టు బతకలేదు, నిజం. అయినా ఆ పేరు ఉండబట్టే 1913లో ఫ్రాంక్ మేయర్ చైనాలో అదే శిలీంధ్రాన్ని పట్టుకోగలిగాడు, అక్కడి చెస్ట్‌నట్ దాన్ని తట్టుకుని నిలవడం తెలిసింది, సంకరపరిచే ప్రయత్నాలకు దారి అక్కడినుంచి పడింది. లైకెన్‌నూ ఈ బొడిపెనూ ఒకే పాచిగా గీకిన తోటలో ఈ సంగతులేవీ తెలిసేవి కావు. మాను మీది మచ్చలన్నీ మంచివని నా వాదన కాదు. ఒకటి చెట్టు లోపలి కణజాలంలోకి దిగి దాన్ని ఉంగరంలా చుట్టేస్తుంది, మరొకటి చచ్చిన పొర మీద కూర్చుంటుంది. ఆ రెంటినీ విడదీయని గీకుడు మొదటిదాన్ని ఆపదు, రెండోదాన్ని అనవసరంగా చంపుతుంది.

మన దగ్గర ఈ కథ వేరే పాళ్లలో ఉంది. రోడ్డు పక్క మానులకు కింద రెండు మూడు అడుగుల మేర సున్నం, మధ్యలో జేగురు పట్టీ వేయడం అలవాటు. చెదలకని కొందరు, రాత్రి బండ్లకు కనిపించడానికని కొందరు చెబుతారు. బత్తాయి రైతు బంకతెగులుకు చెట్టు మొదలు దగ్గర బోర్డో పేస్టు పూస్తాడంటే అర్థముంది, అతను ఫలానా తెగులుకు ఫలానా మందు వేస్తున్నాడు. పార్కు మానుకు కొట్టే సున్నానికి అలాంటి లక్ష్యం ఉన్నట్టు తోచదు. లైకెన్ మనకు పరాయిదీ కాదు. హైదరాబాదు బిర్యానీలో, మసాలా పొడుల్లో పడే రాతిపువ్వు లైకెనే, కొండప్రాంతాల చెట్ల బెరళ్ల మీదనుంచి కూడా ఏరి తెస్తారు. భారతీయ లైకెన్లను పద్ధతిగా గుర్తించే పనికి లక్నోలో ధరణీధర్ అవస్థి పునాది వేశారు, ఆ ఊళ్లోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో ఆ పని సాగుతోంది. అయితే ఇంగ్లండు కొలబద్దను దక్కను ఊళ్లకు ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టకూడదు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఎండే చోట రిడ్జాక్ అభ్యంతరానికి బలం ఎక్కువ. ఇక్కడి మానుల మీద ఏవి లేకపోవడం మామూలో తెలియకుండా లేకపోవడాన్ని సాక్ష్యంగా వాడలేం.

గాలి బాగుపడ్డాక ఏమైందన్నది మిగిలిన ముచ్చట. 1952 లండన్ పొగమంచు వేలమందిని బలిగొన్నాక, 1956లో బ్రిటన్ శుద్ధ వాయు చట్టం తెచ్చింది. గంధకపు పొగ తగ్గుతూ వచ్చింది. 1981లో రోజ్, హాక్స్‌వర్త్ లండన్ చెట్ల మీదికి లైకెన్లు తిరిగొస్తున్నాయని రాశారు. లగ్జంబర్గ్ తోటలోనూ తిరిగి రావడం 1990ల మొదట్లో నమోదైంది. నగరాల వేడి తగ్గలేదు, రాతి నేల తగ్గలేదు, అయినా తిరిగొచ్చాయి. కానీ వచ్చినవి పోయినవే కావు. బండ్ల పొగలోని నత్రజని, పొలాల అమోనియా ఇష్టపడే గ్జాంథోరియా వంటివి ముందుకొచ్చాయి. మాను నిండా పచ్చగా, పసుప్పచ్చగా ఉన్నంతమాత్రాన గాలి మంచిదనే మాట కూడా గీకుడంత తొందరపాటే. బొగ్గు కాలపు ఊళ్ల మానుల మీద బూడిద పచ్చ పొరలా పట్టిన లెకనోరా కనిజీయాయిడిస్ అనే లైకెన్ దీనికి ఎదురు సాక్షి. మిగతావి చాలావరకు చచ్చే ఆమ్లపు గాలిలో అది విస్తరించింది, హాక్స్‌వర్త్, రోజ్ కొలబద్దలో అతి చెడ్డ గాలికి గుర్తుల్లో ఒకటిగా ఉంది. గాలి శుభ్రపడిన కొద్దీ అది వెనక్కి తగ్గింది, ఒకప్పుడు చూసీ చూడనట్టు పోయిన దాన్ని ఇప్పుడు కొన్ని ప్రాంతాల్లో వెతికి మరీ నమోదు చేస్తున్నారు. 1885లో దాన్ని ప్రచురించింది క్రాంబీ, ఆయన వాడుకున్న పేరు నీలాండర్ పెట్టింది.